ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనే పద్ధతి

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో చాలా షాపులు తీయరు. దించిన షట్టర్ల ముందు, మెట్ల మీద, ఫుట్‌పాత్ పొడుగునా ప్లాస్టిక్ పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. అవును, వడ్లు పోసినట్టే పోస్తారు. ఎంట్రన్స్ గైడు కింద ఇంగ్లీషు థ్రిల్లరు, దాని కింద 1960ల నాటి తెలుగు నవల, ఇంకా కింద ఎవరిదో ఇంటర్ రికార్డు బుక్కు. కొత్తగా వచ్చినవాళ్ళు రెండు నిమిషాలు నిలబడి, ఇందులో మనకు పనికొచ్చేది ఏముంటుందిలే అని టీ తాగడానికి వెళ్ళిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్ళిపోయాను. ఆ తర్వాత పాతికేళ్ళపాటు తప్పులు చేసుకుంటూ, డబ్బులు పోగొట్టుకుంటూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. చేతులు మురికైనా ఫర్వాలేదనుకుంటే సగం వచ్చేసినట్టే.

1. ఎక్కడికి, ఎన్నింటికి

అబిడ్స్‌కి ఆదివారం తొమ్మిదిన్నర, పది మధ్యలో చేరుకోండి. నాంపల్లి స్టేషన్లో దిగితే నడిచి వెళ్ళొచ్చు. ఆ సమయానికి కట్టలు ఇంకా విప్పుతూ ఉంటారు. పన్నెండు దాటితే మంచివి వెళ్ళిపోతాయి, ఎండ కూడా నెత్తికెక్కుతుంది. వాన పడేలా ఉంటే మాత్రం ఇంట్లోనే ఉండండి. చినుకు పడగానే పట్టాలన్నీ మడిచేస్తారు.

కోఠిలో వారమంతా పాత పుస్తకాల షాపులు ఉంటాయి. కాకపోతే అక్కడ రాజ్యం పాఠ్యపుస్తకాలది, పోటీ పరీక్షల మెటీరియల్‌ది. సాహిత్యం కోసం వెళ్తే, వెనక వరసలో అట్టడుగున దుమ్ము కొట్టుకుపోయిన కట్ట ఏదైనా ఉందేమో అడగాలి. విజయవాడ వాళ్ళకి ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఇవి కాక డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి. విజయవాడ పండగ అనగానే మా తరానికి స్వరాజ్య మైదానమే గుర్తొస్తుంది. ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది, పుస్తకాలు వేరే మైదానాలకి మారాయి. బుక్ ఫెయిర్లలో పాత పుస్తకాల స్టాళ్ళకి మొదటి రోజు ఒకసారి, చివరి రోజు ఒకసారి వెళ్ళండి. మొదటి రోజు సరుకు బాగుంటుంది, చివరి రోజు ధర బాగుంటుంది.

అన్నిటికన్నా మంచి చోటు మాత్రం మీ వీధి చివర ఉండే పాత పేపర్ల షాపు. అసలు ఫుట్‌పాత్‌కి పుస్తకం ఎలా వస్తుందో ఒకసారి ఆలోచించండి. తాతగారు పోతారు. పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి బిల్డర్‌కి ఇస్తారు. బీరువా నిండా ఉన్న పుస్తకాలు అమెరికాలో ఉన్న పిల్లలకి అక్కర్లేదు, ఇక్కడున్నవాళ్ళకి పెట్టుకునే చోటు లేదు. పాత పేపర్లతను వచ్చి కిలోల లెక్కన తూచుకుని పోతాడు. అతని దగ్గర పుస్తకాలను ఏరుకునే మనిషి ఒకడు ఉంటాడు, అతని దగ్గర్నుంచి ఫుట్‌పాత్ మీదికి వస్తాయి. ఈ గొలుసులో మీరు ఎంత ముందు నిలబడితే అంత మంచి పుస్తకం, అంత తక్కువ ధర. పేపర్ల షాపతనికి మీ ఫోన్ నంబరు ఇచ్చి, "తెలుగు పుస్తకాల లాటు వస్తే ఒక్క ఫోను కొట్టన్నా, కిలోకి పది రూపాయలు ఎక్కువిస్తా" అని చెప్పి ఉంచండి. ఏడాదికి రెండుసార్లు చేసినా మీ పంట పండినట్టే.

2. సంచీలో ఏం ఉండాలి

గట్టి గుడ్డసంచీ, నీళ్ళ సీసా, తడిపిన చేతిగుడ్డ, చిల్లర. ఫోన్ పే అందరి దగ్గరా ఉంది, అయినా చేతిలో వంద నోటు కనబడితే బేరం త్వరగా తెగుతుంది. ఇంట్లో ఉన్న పుస్తకాల జాబితా ఫోన్లో పెట్టుకోండి. ఒకే పుస్తకం మూడుసార్లు కొన్న మనిషిగా చెబుతున్నాను.

3. కుప్ప ముందు కూర్చోండి

నిలబడి చూస్తే ఇంగ్లీషు పుస్తకాలే కనబడతాయి. వాటికి వెన్ను మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాత తెలుగు పుస్తకాలు చాలావాటికి వెన్నే ఉండదు. పలచని పుస్తకం, మధ్యలో రెండు పిన్నులు. లావు పుస్తకమైతే ఎప్పుడో ఎవరో కాలికో అనే బైండింగు గుడ్డతో బైండు చేయించి ఉంటారు, పైన అక్షరం ముక్క ఉండదు. అందుకని పీట వేసుకున్నట్టు కూర్చుని, పేరు లేని పుస్తకాల్నే ముందు తీయండి. పేరున్నవాటిని అందరూ చూస్తారు.

ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా పోవాలి. నచ్చిందల్లా ఒళ్ళో పెట్టుకోండి. వెనక్కి పెట్టి మళ్ళీ వద్దాం అనుకున్న పుస్తకం మళ్ళీ దొరకదు. పక్కన ఇంకొకాయన కూడా ఇలాగే కూర్చుని ఏరుతుంటే మాట కలపండి. ఆయనకి కావల్సినవి మీకు అక్కర్లేకపోవచ్చు. పాత జ్యోతిషం పుస్తకాలు వెతికే పెద్దాయన ఒకరు అలా పరిచయమై, కథల సంపుటాలు కనబడితే నాకోసం పక్కన పెట్టించేవారు.

4. డబ్బులిచ్చే ముందు చేయాల్సిన పరీక్ష

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. నేను తిన్న దెబ్బ చెబితే ఎందుకో అర్థమవుతుంది.

ఒకసారి గట్టి బైండుతో నిగనిగలాడే పాత నవల ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. రెండో రోజు సాయంత్రం వంటింట్లోంచి పిలిచింది. "ఏరా, ఇందాకేమో పిల్ల ఈ పెళ్ళి నాకొద్దని బావిగట్టు మీద ఏడుస్తోంది, ఇక్కడ చూస్తే కొడుక్కి అన్నప్రాసన చేస్తోంది. మధ్యలో ఏమైంది?" తీసి చూస్తే 129 నుంచి 144 దాకా పేజీలు రెండుసార్లు ఉన్నాయి, 145 నుంచి 160 దాకా అసలు లేవు. అంటే తొమ్మిదో ఫారం రెండుసార్లు పడి, పదో ఫారం ఎగిరిపోయింది. పిల్ల పెళ్ళి ఎలా జరిగిందో మా అమ్మకి ఈ రోజుకీ తెలియదు.

పుస్తకాన్ని పేజీలుగా అచ్చు వేయరు, ఫారాలుగా వేస్తారు. పెద్ద షీటు మీద ఎనిమిదో పదహారో పేజీలు ఒకేసారి కొట్టి, మడతపెట్టి, ఆ మడతల్ని వరసగా పేర్చి కుట్టేస్తారు. ఆ మడతే ఫారం. తెలుగులో ఎక్కువగా పదహారు పేజీల లెక్క కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది, కొన్నిటిలో పక్కనే పుస్తకం పేరు పొట్టిగా ఉంటుంది. బైండరు వరస తప్పకుండా ఉండటానికి వేసుకున్న గుర్తు అది. మీరు 1, 17, 33, 49 పేజీలు తిప్పుతూ ఆ అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. మూడొందల పేజీల పుస్తకానికి ఒక్క నిమిషం పడుతుంది. అంకె లేకపోతే పేజీ నంబర్లే చూడాలి. బైండింగులో పేజీలు పోతే ఎక్కువగా ఫారం ఫారంగానే పోతాయి, కాబట్టి పదహారు పేజీలకోసారి చూసినా సరిపోతుంది. చివరి పేజీ విడిగా చూడండి. డిటెక్టివ్ నవలల్లో హంతకుడు ఉండే పేజీయే ఎక్కువగా చిరిగిపోతుంది, ఎందుకో నాకు తెలీదు.

తర్వాత కాగితం. ఒక పేజీ మూలని మెల్లగా వంచండి. వంగితే బతికే పుస్తకం. అప్పడంలా విరిగిందంటే ఇక ఎక్కువ కాలం ఉండదు. నాసిరకం కాగితంలో ఉండే ఆమ్లమే దాన్ని తినేస్తుంది. న్యూస్‌ప్రింటు మీద వేసిన చవక నవలలన్నీ ఈ దారినే పోతున్నాయి. విరిగే పుస్తకాన్ని కూడా ఒక్కోసారి కొనాలి, వేరే చోట దొరకనిదైతే. కాకపోతే అది చదవడానికి కాదు, స్కాన్ చేయడానికి అనుకుని కొనండి.

వాసన చూడండి. పాత కాగితం వాసన వేరు, తడిసి ఆరిన వాసన వేరు. ముక్కుపుటాలు మండేలా ముక్కవాసన వస్తే బూజు పట్టినట్టు. అలాంటిదాన్ని బీరువాలో పెడితే పక్కవాటికీ అంటుకుంటుంది. అట్టకి సూదితో పొడిచినట్టు సన్నని చిల్లులుంటే పురుగు తొలిచింది. వెన్ను మీద కొట్టి చూడండి. పిండిలాంటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది.

ఇంగ్లీషు బెస్ట్‌సెల్లర్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కొత్తగా మెరుస్తూ, ధర మాత్రం మూడో వంతుకి ఇస్తుంటే అది పాత పుస్తకం కాదు, దొంగ అచ్చు. లోపల అక్షరాలు అలికినట్టుంటాయి, పేజీలు వంకరగా కోసి ఉంటాయి, రెండోసారి తెరిస్తే ఊడి వస్తాయి. వాటి జోలికి పోకండి. పాత పుస్తకం కొంటే రచయితకి ఒకప్పుడైనా డబ్బు ముట్టింది. దీనికి ఎప్పుడూ ముట్టలేదు.

5. వయసు కనిపెట్టండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. పాత తెలుగు పుస్తకాల మీద చాలాసార్లు అచ్చేసిన సంవత్సరం ఉండదు, లేదా ఆ పేజీయే ఉండదు. అయినా పుస్తకం తన వయసు దాచుకోలేదు.

ముందు వెల చూడండి. "రు. 1-8-0" అని మూడు గడుల్లో ఉంటే అది రూపాయి, అణా, పై (అణాలో పన్నెండో వంతు) లెక్క. పదహారు అణాలు రూపాయి, అంటే ఈ పుస్తకం ఖరీదు రూపాయిన్నర. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, కాబట్టి ఈ పుస్తకం దాదాపు అంతకు ముందుదే. "75 న.పై." అని ఉంటే ఇంకా సులువు. నయా పైసలు అనే మాట 1957లో వచ్చి 1964లో పోయింది. ఆ ఏడేళ్ళలోనో, ఆ చుట్టుపక్కలో అచ్చయింది. హైదరాబాద్ సంస్థానంలో అచ్చయిన పుస్తకాల మీద హాలీ సిక్కా (నిజాం సొంత రూపాయి) లెక్కన వెల, ఫసలీ (అక్కడి సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) సంవత్సరం కనిపించవచ్చు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

ప్రచురణకర్త చిరునామా చూడండి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరంకెల పిన్ ఉంటే ఆ తర్వాతది. "బెజవాడ" అని ఉంటే బాగా పాతదని అర్థం. "చెన్నపురి", "మదరాసు" అని ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, ఒకప్పుడు తెలుగు అచ్చుకి పుట్టిల్లు మద్రాసే. వావిళ్ళవారు 1854లో అక్కడే మొదలుపెట్టారు. పుస్తకం మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) ఉండి అది పది అంకెలదైతే 2007కి ముందుది, పదమూడైతే దాదాపుగా తర్వాతది. తెలుగు పుస్తకాలకి చాలా కాలం అసలు ఆ నంబరే లేదు, కాబట్టి లేకపోయినంత మాత్రాన ఏమీ తేల్చకండి.

కొన్నిటి మీద తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. "సర్వజిత్తు" అని ఉంటే 1947–48, కాకపోతే అరవై ఏళ్ళ ముందు, కాకపోతే అరవై ఏళ్ళ తర్వాత. ఈ మూడింట్లో ఏదో వెల చూస్తే తేలిపోతుంది. ఉగాదికి సంవత్సరం మారుతుంది కనక జనవరి నుంచి మార్చి దాకా ముందు సంవత్సరం పేరే నడుస్తుందని గుర్తుంచుకోండి.

చివరగా కళ్ళు మూసుకుని పేజీ వెనక వేలితో తడమండి. అక్షరాలు చిన్నగా పొడుచుకొచ్చినట్టు తగిలితే సీసపు అచ్చులతో కొట్టింది. మనిషి ఒక్కో అక్షరం ఏరి పేర్చి కంపోజ్ చేసిన పుస్తకం అది. నున్నగా ఉంటే ఆఫ్‌సెట్, అంటే ప్లేట్ల మీంచి తీసిన తర్వాతి కాలపు అచ్చు. అరసున్నలు, బండి ఱలు బుద్ధిగా వాడారా లేదా అన్నది కూడా ఒక ఆనవాలే, కానీ కొందరు పండితులు వాటిని ఎప్పటికీ వదల్లేదు, కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

6. ఏవి కనబడితే వదలకూడదు

ఎవరి రుచి వాళ్ళది. నా లెక్కలో మొదటి స్థానం సీరియల్ బైండ్లది. వారపత్రికలో నవల సీరియల్‌గా వస్తున్నప్పుడు, వారం వారం ఆ పేజీలు చింపి దాచి, అయిపోయాక బైండు చేయించుకునేవాళ్ళు మన అమ్మమ్మలు, అత్తయ్యలు. తర్వాత వచ్చిన పుస్తకంలో ఉండని బొమ్మలు వీటిలో ఉంటాయి. బాపు వేసిన బొమ్మలు అలా ఎన్నో వారపత్రికల పేజీల్లోనే ఉండిపోయాయి. పేజీ వెనక వైపు కథకి సంబంధం లేని సగం వంటల శీర్షిక, సగం తలనొప్పి మాత్రల ప్రకటన. మొదటి రెండు వారాలు మిస్సయితే పక్కింటావిడ దగ్గర అడిగి చేతిరాతతో ఎత్తి రాసి అతికించిన బైండు ఒకటి నా దగ్గరుంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. దాన్ని 40 రూపాయలకి కొన్నాను. అమ్మినతను, ఇందులో కొంచెం చేత్తో రాసి ఉంది సార్ అని పది రూపాయలు తగ్గించాడు.

రెండోది మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. రాదుగ, ప్రగతి, మీర్ ప్రచురణలు. గట్టి అట్ట, మంచి కాగితం, పిల్లల పుస్తకాల్లో రంగుల బొమ్మలు. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు అక్కడే ఉండి తెలుగు చేశారు. విశాలాంధ్ర షాపుల్లో అప్పట్లో కారుచవగ్గా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఫుట్‌పాత్ వాళ్ళకీ వీటి విలువ తెలిసిపోయింది, బేరానికి అంత తొందరగా లొంగరు.

చందమామలు అందరూ అడుగుతారు. 1947 జూలైలో మొదలైన పత్రిక, మొదటి ఇరవై ఏళ్ళ సంచికలకి ధర ఆకాశంలో ఉంటుంది. చదువుకోవడానికే అయితే ఇంటర్నెట్లో స్కాన్లు ఉన్నాయి, డబ్బు వేరేవాటికి పెట్టండి.

ఎవరూ అడగనివి కూడా చెబుతాను: ఊళ్ళ చరిత్రలు, కాలేజీ మ్యాగజైన్లు, నాటక పరిషత్తుల సావనీర్లు, సన్మాన సంచికలు, పాత నిఘంటువులు, వ్యవసాయ శాఖ కరపత్రాలు. ఇవి మళ్ళీ అచ్చు కావు. పది ఇరవై రూపాయలకి ఇచ్చేస్తారు. మీ ఊరి పేరున్న సావనీర్ ఏది కనబడినా కొనేయండి. వెనక వ్యాపార ప్రకటనల్లో మీ చిన్నప్పటి కిరాణా కొట్టు పేరు ఉండొచ్చు.

7. బేరం

నచ్చిన పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ముఖం వెలిగించుకుని "ఇదెంత?" అని అడిగితే అయిపోయినట్టే. నాలుగైదు కలిపి ముందు పెట్టండి, కావల్సింది మధ్యలో ఉండాలి.

"అన్నా, ఈ అయిదూ కలిపి ఎంతకిస్తవ్?"

"నాలుగొందలు ఇయ్యుండ్రి సార్."

"రెండొందలు."

"గిట్లయితే మాకేం మిగుల్తది సార్, పొద్దుగాల నుంచి బోణీ గాలే."

మూడొందల దగ్గర తెగుతుంది. ఎప్పుడూ అంతే, ఇద్దరికీ ముందే తెలుసు. అయినా ఆ నాలుగు మాటలూ అనుకోవాలి, లేకపోతే ఇద్దరికీ తృప్తి ఉండదు. ఒక్క హద్దు మాత్రం పెట్టుకోండి. ఇరవై రూపాయల పుస్తకాన్ని పదిహేనుకి అడగొద్దు. ఎండలో నిలబడి, సాయంత్రం మిగిలినవన్నీ మళ్ళీ కట్టలు కట్టుకుని ఆటోకి డబ్బులిచ్చుకుని పోవాల్సిన మనిషి ఆయన. అతను చిల్లర కోసం పక్కకి వెళ్ళినప్పుడు కొట్టు మీరే చూసుకునేంత చనువు వచ్చాక, పైకి తీయని కట్టలు కూడా మీ ముందే విప్పుతాడు.

8. ఇంటికి తెచ్చాక

తిన్నగా బీరువాలో పెట్టకండి. బాల్కనీలో నీడన, గాలి తగిలేచోట రెండు రోజులు ఉంచండి. ఎండలో పెడితే కాగితం ఇంకా పెళుసెక్కుతుంది. మెత్తటి బ్రష్‌తో పేజీల మధ్య దుమ్ము దులపండి. అట్టని పొడిగుడ్డతో తుడవండి, తడిగుడ్డ మీ చేతులకే.

పురుగు ఉందనిపిస్తే పుస్తకాన్ని జిప్ కవర్లో గాలి లేకుండా పెట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవర్ వెంటనే విప్పొద్దు, ఒక రోజు బయట ఉంచి చల్లదనం పోయాకే విప్పాలి, లేదంటే చెమ్మ పడుతుంది. ఇంట్లోవాళ్ళు ఏమంటారన్నది మీ సమస్య. మా ఇంట్లో ఐస్‌క్రీమ్ పక్కన ప్రబంధం చూసి వచ్చిన చుట్టాలు చాలాకాలం చెప్పుకున్నారు. ఆ తర్వాత బీరువా మూలల్లో ఎండిన వేపాకు వేసి, ఆర్నెల్లకోసారి మార్చండి.

చిరిగిన పేజీకి సెలోటేప్ వేయకండి. నాలుగేళ్ళలో పసుపురంగు మరక మిగిల్చి టేపు ఊడిపోతుంది, అక్షరాల్ని కూడా పట్టుకుపోతుంది. పలచని టిష్యూ కాగితం, మైదా జిగురు చాలు. పాత బైండర్లు మైదా ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలుపుతారు, పురుగు రాదు. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో మీరు చేయకండి, బైండరుకి వదిలేయండి. బైండింగుకి ఇచ్చేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పాలి: అంచులు కోయొద్దు, అసలు అట్టని పారేయొద్దు, లోపల పెట్టి కుట్టు. చెప్పకపోతే రెండూ చేస్తారు.

పుస్తకంలో దొరికిన కాగితాలు పారేయకండి. చిల్లులు కొట్టిన పాత ఆర్టీసీ టికెట్టు, మందుల చీటీ, సగం రాసిన ఇన్లాండ్ లెటరు. నేను వాటిని దొరికిన పేజీలోనే వదిలేస్తాను. ఉత్తరాలు మాత్రం చదవను. సరే, ఒకటి చదివాను.

9. రబ్బరు స్టాంపు చదవండి

అట్ట తిప్పగానే ఊదారంగులో గుండ్రటి ముద్రో, పొడుగాటి ముద్రో ఉంటుంది. ఫలానా బుక్ డిపో, మెయిన్ రోడ్, తెనాలి. ఫలానా అద్దె లైబ్రరీ, రోజుకి ఇంత, పేజీ చింపినచో పూర్తి వెల వసూలు చేయబడును. పుస్తకం మొదట ఎక్కడ కొన్నారో, ఎన్ని చేతులు మారిందో అంతా అక్కడే ఉంటుంది. నేను ఒక నోటుబుక్కులో ఈ ముద్రలన్నీ ఎక్కిస్తూ వచ్చాను. ఆ ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఆ చిరునామాలు వెతుకుతాను. మొబైల్ షాపు, టిఫిన్ సెంటర్, ఇంకో మొబైల్ షాపు. ఒక్క చోట మాత్రం షాపు ఉంది, స్టేషనరీ అమ్ముతున్నారు.

పుస్తకాల షాపులు ఇలా మాయమవడం మన దగ్గరే కాదు. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది, అక్కడున్న తెలుగు రచయితలకీ సినిమావాళ్ళకీ పాత పుస్తకాలంటే అదే. బెంగళూరు ప్రీమియర్ బుక్‌షాప్ 2009లో, ముంబై స్ట్రాండ్ బుక్ స్టాల్ డెబ్భై ఏళ్ళు నడిచి 2018లో మూతపడ్డాయి. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారం బజారుని 2019లో కోర్టు ఉత్తర్వుతో రోడ్డు మీంచి లేపేశారు, ఇప్పుడు పక్కనే ఒక ఆవరణలో నడుస్తోంది. హైదరాబాద్ బేగంపేటలో వాల్డెన్ అనే పుస్తకాల షాపు ఉండేది, ఇప్పుడు లేదు.

కారణాలు అందరికీ తెలిసినవే, కానీ ఒక్కొక్కటీ ఎలా కోసిందో చూడాలి. అద్దె లైబ్రరీలని టీవీ సీరియళ్ళు తినేశాయి. మధ్యాహ్నం నవల చదివే చోట సీరియల్ వచ్చి కూర్చుంది. మెయిన్ రోడ్డు మీద షాపుకి అద్దె పెరిగింది, నూట యాభై రూపాయల పుస్తకం మీద వచ్చే కమిషన్ ఎన్ని అమ్మితే ఆ అద్దెకి సరిపోతుందో లెక్క వేసుకోండి. ఆన్‌లైన్‌లో అదే కమిషన్‌ని కొనేవాడికే డిస్కౌంటుగా ఇచ్చేస్తారు. తెలుగు పుస్తకం ఇప్పుడు ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తున్నారు, అందులో సగం ఆవిష్కరణ సభలోనూ స్నేహితులకీ పోతాయి, షాపులో పెట్టడానికి ఏం మిగులుతుంది? ఇది చాలదన్నట్టు 2024 డిసెంబరులో తపాలా శాఖ పుస్తకాలకుండే చవక రిజిస్టర్డ్ బుక్‌పోస్టుని ఎత్తేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకోటి తెచ్చారు గానీ, ఆ మధ్యలో చిన్న ప్రచురణకర్తలు పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

పాత పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్ళం మనం ఒక తప్పు చేస్తుంటాం. ఫుట్‌పాత్ మీద ఐదొందలు ఉదారంగా ఖర్చుపెట్టి, కొత్త పుస్తకం రెండొందలంటే "అబ్బో" అంటాం. 1965లో ఎవరో తెనాలి షాపులో కొత్త పుస్తకం రూపాయిన్నర పెట్టి కొన్నారు కాబట్టే ఇవాళ మీకది అబిడ్స్‌లో దొరికింది. అప్పటి రూపాయిన్నర తక్కువేం కాదు. ఇవాళ కొత్తది ఎవరూ కొనకపోతే నలభై ఏళ్ళ తర్వాత ఆ ఫుట్‌పాత్ మీద పొయ్యడానికి గైడ్లు తప్ప ఏమీ ఉండవు.

అందుకని ఆఖరి మెట్టు ఇది. ఆదివారం నాలుగు పాత పుస్తకాలు కొంటే, అదే వారంలో ఒక కొత్త పుస్తకం షాపుకి వెళ్ళి కొనండి. కాచిగూడ నవోదయకో, మీ ఊళ్ళో ఏది మిగిలి ఉంటే దానికో. ఫోన్‌లో ఆన్‌లైన్ ధర చూపించి బేరమాడకండి, ఫుట్‌పాత్ మీద చెల్లే బేరం అక్కడ చెల్లదు. డబ్బులిచ్చాక షాపు ముద్ర వేసి ఇవ్వమనండి.

నేను మొన్న అడిగితే కౌంటర్లో ఉన్న పెద్దాయన ఒక్క క్షణం అర్థంకానట్టు చూశారు. తర్వాత డ్రాయర్ లాగి, రబ్బరు బ్యాండ్లు, పాత బిల్లు బుక్కుల కింద వెతికి స్టాంపు తీశారు. ప్యాడ్ ఎండిపోయి ఉంది. నీళ్ళ సీసా మూతతో రెండు చుక్కలు పోసి, వేలితో అద్ది, మొదటి పేజీ మీద నొక్కారు. సగమే పడింది, ఊరి పేరు రాలేదు. "ఆగండి" అని, పక్కనే ఇంకోసారి, ఈసారి లేచి నిలబడి రెండు చేతులతో నొక్కారు.